జోడీ మార్చారు, పాప డబుల్స్ మానేస్తానంటోంది: లీ సో హీ కెరీర్ తెలిసినవాళ్లు చెప్పండి

పటమట అమ్మ:

అందరికీ నమస్కారం అండి. మాది విజయవాడ, పటమట. మా పాప అండర్-17 షటిల్ ఆడుతోంది, మొదటి నుంచీ డబుల్సే ఎక్కువ, అదీ ఒక్క అమ్మాయితోనే. ఆ పాప వాళ్లది గుంటూరు. సెలవులొస్తే ఇద్దరూ ఒకళ్లింట్లో ఒకళ్లు ఉండేవాళ్లు, టోర్నమెంట్లకి కూడా రెండు కుటుంబాలూ కలిసే రైలెక్కేవాళ్లం. ఇప్పుడు కోచ్ సార్ ఇద్దర్నీ విడదీసి మా పాపకి తనకంటే చిన్నపిల్లని జోడీగా పెట్టారు. కారణం అడిగితే "ఇద్దరూ ఒకేలా ఆడుతున్నారమ్మా, పై లెవెల్‌కి వెళ్తే ఇబ్బంది" అన్నారు. ఆట లోపలి సంగతులు నాకు తెలియవు, ఆ మాటని ఎలా తీసుకోవాలో అర్థం కాలేదు.

పాప అప్పటి నుంచీ డల్‌గా ఉంది, సింగిల్స్‌కి వెళ్లిపోతానంటోంది. బంధువులు కూడా "డబుల్స్‌లో పేరేముంటుంది, సింధులాగా సింగిల్స్ ఆడించండి" అని మొదలుపెట్టారు. పాపకి కొరియా ప్లేయర్ లీ సో హీ అంటే ప్రాణం, గోడ మీద ఆవిడ ఫొటోలే. ఆవిడ కూడా పార్ట్‌నర్లని మార్చుకుంటూ వచ్చిందని విన్నాను. ఆవిడ కెరీర్ ఎలా సాగిందో, జోడీ మారినప్పుడు ఏం జరిగిందో తెలిసినవాళ్లు వివరంగా రాస్తారా? పాప చేత చదివిస్తాను.

బ్రాడీపేట షటిల్:

అక్కా, మంచి ప్లేయర్ గురించి అడిగారు. ఆవిడ ఆట నేను జూనియర్ రోజుల నుంచీ చూస్తున్నాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపికగా చదవండి.

లీ సో హీ 1994లో పుట్టింది. షిన్ సుంగ్ చాన్ అనే అమ్మాయిదీ అదే ఏడాది. వీళ్లిద్దరూ మీ పాప, గుంటూరు పాపలాగే చిన్నప్పుడే జోడీ కట్టారు, 2011లోనూ 2012లోనూ వరసగా రెండుసార్లు ప్రపంచ జూనియర్ డబుల్స్ టైటిల్ గెలిచారు. అంత గెలిచిన జోడీని ఎవరైనా ముట్టుకుంటారా? కొరియా కోచ్‌లు ముట్టుకున్నారు. 2016 రియో ఒలింపిక్స్‌కి వచ్చేసరికి షిన్‌ని సీనియర్ ప్లేయర్ జంగ్ క్యుంగ్ యున్‌తో, లీ సో హీని చాంగ్ యే నాతో ఆడించారు. ఫలితం ఏమైందంటే షిన్, జంగ్ కాంస్యం తెచ్చుకున్నారు, లీ సో హీ, చాంగ్ యే నా క్వార్టర్ ఫైనల్లో డెన్మార్క్ జోడీ పెడర్సన్, రిట్టర్ జుల్ చేతిలో ఓడిపోయారు. చిన్నప్పటి నుంచి పక్కన ఆడిన స్నేహితురాలు ఇంకొకరితో కలిసి ఒలింపిక్ పతకం వేసుకుంటుంటే మనకి క్వార్టర్స్‌లోనే అయిపోవడం ఎలా ఉంటుందో మీ పాపకి నేను చెప్పక్కర్లేదు.

కానీ దాని తర్వాత జరిగింది చూడండి. 2017 మార్చిలో, అంటే రియో అయిన ఏడు నెలలకి, లీ సో హీ అదే చాంగ్ యే నాతో ఆల్ ఇంగ్లండ్ గెలిచింది, బ్యాడ్మింటన్‌లో అన్నిటికన్నా పాత, పేరున్న టోర్నమెంట్ అది. ఫైనల్లో అవతల ఉన్నది ఎవరనుకున్నారు, రియోలో తమని ఓడించిన ఆ డెన్మార్క్ జోడీయే. అదే ఏడాది దేశాల టీమ్‌లు ఆడే సుదిర్మాన్ కప్ ఫైనల్లో కొరియా చైనాని ఓడించినప్పుడు మహిళల డబుల్స్ మ్యాచ్ గెలిచి ఇచ్చింది కూడా వీళ్లిద్దరే.

తర్వాత మళ్లీ షిన్‌తో కలిసింది. 2019లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచారు. టోక్యో ఒలింపిక్స్‌లో సెమీస్ దాకా వెళ్లి ఇండోనేషియా వాళ్ల చేతిలో ఓడారు. కాంస్యం మ్యాచ్‌లో అవతల ఉన్నది తమ దేశం వాళ్లే, కిమ్ సో యోంగ్, కాంగ్ హీ యోంగ్. అందులోనూ ఓడిపోయారు. ఆ మ్యాచ్ అయ్యాక నలుగురూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని కన్నీళ్లు పెట్టుకోవడం చూసి నాకైతే చాలాసేపు టీవీ కట్టేయాలనిపించలేదు. రోజూ ఒకే హాల్లో ప్రాక్టీస్ చేసేవాళ్లు, ఒకళ్లకి పతకం, ఒకళ్లకి నాలుగో స్థానం. అదే ఏడాది డిసెంబర్‌లో స్పెయిన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఫైనల్‌కి వెళ్లి చైనా జోడీ చెన్ కింగ్‌చెన్, జియా యిఫాన్‌కి ఓడి రజతం తెచ్చుకున్నారు.

ఇక్కడ ఒక మనిషి ఆగిపోవచ్చు. 2022 చివర్లో మళ్లీ జోడీ మారింది. ఈసారి బేక్ హా నా, 2000లో పుట్టిన అమ్మాయి, అంటే తనకంటే ఆరేళ్లు చిన్నది. కొత్త జోడీ కట్టిన కొద్ది నెలలకే, 2023 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్‌కి వెళ్లారు, కానీ కిమ్, కాంగ్ చేతిలో 21-5, 21-12తో చిత్తుగా ఓడారు. అంత పెద్ద వేదిక మీద ఒక గేములో 5 పాయింట్లే. మరుసటి ఏడాది అదే కోర్టులో, అదే అమ్మాయితో, జపాన్ జోడీ మత్సుయామా, షిదాల మీద 21-19, 11-21, 21-17తో గెలిచి ఛాంపియన్ అయింది. మొదటి ఆల్ ఇంగ్లండ్‌కీ రెండోదానికీ మధ్య ఏడేళ్లు, ఇద్దరు వేర్వేరు పార్ట్‌నర్లు. అక్కా, మీ పాపకి ముఖ్యంగా ఈ ముక్క చూపించండి.

2024 పారిస్‌లో మాత్రం మళ్లీ క్వార్టర్స్‌లోనే పోయారు. ఒలింపిక్ పతకం లీ సో హీకి ఇప్పటికీ లేదు. నాకు దాని గురించి నిజంగా బాధగా ఉంటుంది. కానీ అదే ఏడాది డిసెంబర్‌లో హాంగ్‌జౌలో ఏడాది చివరి వరల్డ్ టూర్ ఫైనల్స్ గెలిచారు. అంతకుముందు 2020 సీజన్ ఫైనల్స్ షిన్‌తో గెలిచింది. అంటే అక్కడా ఇద్దరు పార్ట్‌నర్లతో టైటిల్.

డబుల్స్‌లో పేరు లేదు అనే బంధువులకి డబుల్స్ ఆడే మన అమలాపురం సాత్విక్ పేరు చెప్పండి చాలు.

మొగల్రాజపురం శ్రీను:

పై అన్న బాగా రాశారు. లీ సో హీ పేరు మన తెలుగువాళ్లకి ఇంకో రకంగా కూడా గుర్తుండాలి. 2022 ఆల్ ఇంగ్లండ్‌లో మన గాయత్రి గోపీచంద్, కేరళ అమ్మాయి ట్రీసా జాలీ రిజర్వ్ లిస్టు నుంచి లోపలికి వచ్చి క్వార్టర్స్‌లో రెండో సీడ్ లీ సో హీ, షిన్ సుంగ్ చాన్‌లనే ఓడించారు. 14-21, 22-20, 21-15. రెండో గేములో మ్యాచ్ పాయింట్లు కాచుకుని మరీ గెలిచారు. ఆ రోజు మా అపార్ట్‌మెంట్‌లో బ్యాడ్మింటన్ తెలియనివాళ్లు కూడా స్కోర్ అడిగారు.

మరుసటి ఏడాది సెమీస్‌లో మళ్లీ లీ సో హీ ఎదురైంది, పక్కన షిన్ బదులు బేక్ హా నా. ఈసారి మనవాళ్లకి 10-21, 10-21. నేను ఆ రెండు మ్యాచ్‌లూ మళ్లీ పక్కపక్కన పెట్టి చూశాను. బేక్ డిఫెన్స్ వల్ల మనవాళ్ల స్మాష్‌లన్నీ తిరిగొచ్చేస్తున్నాయి, అవి తిరిగొచ్చేలోపు లీ సో హీ వెనక సెట్ అయిపోయి ఉంటోంది. మనిషి అదే, పక్క మనిషి మారేసరికి వేరే టీమ్‌లా కనపడింది. కోచ్ సార్ మీతో అన్నమాట ఇదే అయ్యుండొచ్చు అండి. ఇద్దరూ ఒకేలా ఆడితే ఇద్దరికీ ఒకే చోట కష్టం వస్తుంది.

అరండల్‌పేట మాజీ:

అన్నలకి ఒక మాట. నేను స్టేట్ లెవెల్లో డబుల్స్ ఆడి మానేసినదాన్ని, ఇప్పుడు గుంటూరులోనే బ్యాంకులో పని చేస్తున్నాను. లీ సో హీ కథ నాకూ ఇష్టమే. కానీ దాన్ని తీసుకొచ్చి మన పిల్లల మీద నేరుగా పెట్టకండి.

కొరియాలో జోడీలు మార్చడం వాళ్లకి ఎందుకు కుదురుతుందో చూడండి. అక్కడ ప్లేయర్లు కంపెనీ టీమ్‌లలో జీతం మీద ఉంటారు. లీ సో హీ ఇంచియాన్ ఎయిర్‌పోర్ట్ టీమ్ మనిషి. నేషనల్ టీమ్ అంతా జించియాన్ శిక్షణ కేంద్రంలో కలిసి ఉంటుంది, పొద్దున లేస్తే అందరూ అందరితో ఆడతారు. కాబట్టి రేపటి నుంచి నీ పార్ట్‌నర్ ఫలానా అంటే ఆ ఫలానాతో అప్పటికే ఎన్నో సెషన్లు ఆడి ఉంటుంది. ఓడినా జీతం ఆగదు. మన దగ్గర అలా కాదు. ఫెదర్ షటిల్స్ నుంచి రైలు టికెట్ల దాకా ఇంట్లోవాళ్లే పెట్టుకోవాలి, ఇద్దరు పిల్లలు కలిసి ఆడుతున్నారంటే రెండు ఇళ్లు ఖర్చులు పంచుకుంటున్నట్టు. జోడీ విడదీస్తే ఆ ఏర్పాటంతా పోతుంది. కొత్త జోడీతో మళ్లీ కింది నుంచి మొదలుపెట్టాలి. నాకు మా సార్ జోడీ మార్చినప్పుడు ఎందుకో ఒక్క ముక్క చెప్పలేదు, పేపర్ మీద పేర్లు మార్చి అంటించారు. నేనూ నా పార్ట్‌నరూ చాలా కాలం మాట్లాడుకోలేదు, ఒకళ్ల గురించి ఒకళ్లు ఏదో అన్నారనుకుని. ఆట మానేయడానికి అదొక్కటే కారణం కాదు గానీ అదీ ఒక కారణం.

అందుకే అక్కా, మీరు చెయ్యాల్సిన పని సార్‌ని కూర్చోబెట్టి సరిగ్గా అడగడం. ఎంత కాలానికి మార్చారు? ఏ ఆట కోసం మార్చారు? పాత జోడీ పూర్తిగా పోయినట్టేనా లేక మళ్లీ కలుపుతారా? ఈ మాటలు పాప ముందే అడగండి. పిల్లకి పదిహేనేళ్లు దాటాయి, తన ఆట గురించి తనకి చెప్పాలి. ఆ గుంటూరు పాప వాళ్లమ్మతో కూడా మీరే ముందు మాట్లాడండి. పిల్లలు కలిసి ఆడకపోయినా సెలవులకి రావడం పోవడం ఆపకండి.

భవానీపురం మాస్టారు:

నమస్తే. నేను ముందు తరం అభిమానిని, "గిల్ యంగ్ ఆ" అనే కొరియా డబుల్స్ ప్లేయర్ ఆడిన కాలం వాణ్ణి. లీ సో హీ కన్నా ముందు కొరియాలో ఆవిడ ఉంది, పాపకి ఆవిడ గురించి కూడా చెప్పండమ్మా.

బ్యాడ్మింటన్ ఒలింపిక్స్‌లో పతకాల ఆటగా మొదలైంది 1992 బార్సిలోనాలో. మహిళల డబుల్స్ స్వర్ణం కొరియా జోడీ హ్వాంగ్ హే యంగ్, చుంగ్ సో యంగ్‌లది. గిల్ యంగ్ ఆ అప్పుడు షిమ్ యున్ జంగ్‌తో ఆడి కాంస్యం తెచ్చుకుంది. ఆ తర్వాత ఆ స్వర్ణం గెలిచిన చుంగ్ సో యంగ్‌కే జోడీ అయి 1993, 1994 ఆల్ ఇంగ్లండ్‌లు రెండూ గెలిచింది. 1995లో జాంగ్ హే ఓక్ అనే కొత్త పార్ట్‌నర్‌తో మళ్లీ ఆల్ ఇంగ్లండ్, అదే ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా. వరసగా మూడేళ్లు ఆల్ ఇంగ్లండ్ టైటిల్ ఈవిడ దగ్గరే ఉంది, పక్కన నిలబడ్డ మనిషి మాత్రం మారింది.

1996 అట్లాంటాలో జాంగ్ హే ఓక్‌తో ఫైనల్‌కి వెళ్లి చైనా వాళ్లు గె ఫెయ్, గు జున్‌ల చేతిలో ఓడి రజతం. కానీ అదే ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ డబుల్స్‌లో కిమ్ డాంగ్ మూన్‌తో స్వర్ణం. ఫైనల్లో ఎదురు నిలిచింది స్వదేశం వాళ్లే, పార్క్ జూ బాంగ్, రా క్యుంగ్ మిన్. పార్క్ అంటే ఆ రోజుల్లో డబుల్స్‌లో దేవుడే. ఆయన్ని ఓడించడం చిన్న సంగతి కాదు. మూడు రంగుల ఒలింపిక్ పతకాలూ ఆవిడ దగ్గర ఉన్నాయి, మూడూ ముగ్గురు వేరు వేరు పార్ట్‌నర్లతో వచ్చినవే. ఆవిడ కొడుకు కిమ్ వాన్ హో 2024 పారిస్‌లో మిక్స్‌డ్ డబుల్స్‌లో రజతం గెలిచాడు. ఆ సెమీస్‌లో ఆ అబ్బాయి కోర్టు పక్కనే వాంతి చేసుకుని, మళ్లీ వెళ్లి ఆడి గెలవడం మీరు చూసే ఉంటారు.

బ్రాడీపేట షటిల్:

మాస్టారూ, గిల్ యంగ్ ఆ సంగతి మీరు రాయడం సంతోషం. అరండల్‌పేట అక్క చెప్పిందీ నిజమే, జీతం ఉన్నవాళ్ల ఓర్పు వేరు. కానీ కొరియాలో కూడా అంతా సాఫీగా ఏం జరగలేదు. 2012 లండన్ గుర్తుందిగా, గ్రూపు మ్యాచ్‌లు కావాలని ఓడిపోతున్నారని నాలుగు జోడీలని బయటికి పంపేశారు, అందులో రెండు కొరియావి. మన జ్వాల, అశ్విని పాయింట్ల తేడాతో క్వార్టర్స్ పోగొట్టుకున్నదీ అక్కడే, జపాన్ వాళ్ల మ్యాచ్ మీద మనవాళ్లు ఫిర్యాదు చేసినా వినలేదు. ఆ రోజు బయటికి వెళ్లినవాళ్లలో జంగ్ క్యుంగ్ యున్ ఒకతె. తలెత్తుకోలేని పరిస్థితి. ఆవిడే నాలుగేళ్ల తర్వాత షిన్‌తో రియోలో కాంస్యం గెలిచింది, 2019లో అప్పటికి పందొమ్మిదేళ్ల బేక్ హా నాని పక్కన పెట్టుకుని డెన్మార్క్ ఓపెన్ గెలిచింది. అంటే లీ సో హీ పార్ట్‌నర్లలో షిన్, బేక్ ఇద్దరూ మధ్యలో ఈవిడ దగ్గర ఆడి వచ్చినవాళ్లే. ఒక సీనియర్ దగ్గర చిన్నపిల్ల ఆడితే ఎంత నేర్చుకుంటుందో దీంట్లో ఉంది. మీ పాప ఇప్పుడు ఆ సీనియర్ స్థానంలో ఉంది అక్కా. తనకంటే చిన్నదాన్ని ఇచ్చారంటే తక్కువ చేసినట్టు కాదు.

అన్నట్టు లండన్‌లో పంపించేసినవాళ్లలో ఇండోనేషియా గ్రేసియా పోలీ కూడా ఉంది. టోక్యోలో లీ సో హీని సెమీస్‌లో ఓడించి, స్వర్ణం గెలిచింది ఆవిడే, తనకంటే పదేళ్లకి పైగా చిన్నదైన అప్రియాని రహాయుతో.

నెట్ దగ్గర:

నేను పిల్లలకి డబుల్స్ నేర్పిస్తాను, విజయవాడలోనే, ఎక్కడో రాయను. సార్ అన్న "ఒకేలా ఆడుతున్నారు" మాట గురించి కొంచెం చెప్తాను, ఎందుకంటే ఎవరూ దాని లోపలికి వెళ్లలేదు.

మహిళల డబుల్స్‌లో ర్యాలీలు చాలా పొడుగు. మగపిల్లల ఆటలోలా మూడు నాలుగు షాట్లలో అయిపోవు. అవతలివాళ్లు లిఫ్ట్ ఇస్తే, అంటే షటిల్‌ని ఎత్తుగా వెనక్కి లేపితే, మనం స్మాష్ కొడతాం, అది తిరిగొస్తుంది, మళ్లీ కొడతాం, మళ్లీ వస్తుంది. వెనక కొట్టే అమ్మాయి అలిసిపోయే లోపు నెట్ దగ్గర అమ్మాయి ఆ వచ్చే షటిల్‌ని మధ్యలో పట్టుకుని కిందికి నొక్కాలి. ఇద్దరికీ వెనక కొట్టడమే ఇష్టమైతే నెట్ దగ్గర ఖాళీ. ఇద్దరికీ నెట్ ఇష్టమైతే వెనక స్మాష్‌లో బరువుండదు. అండర్-15లో ఇది బయటపడదు, ఎందుకంటే అక్కడ అవతలివాళ్లే తప్పులు చేసి పాయింట్లు ఇచ్చేస్తారు. అండర్-19కి వెళ్లేసరికి ఎవరూ ఊరికే పాయింట్ ఇవ్వరు, అప్పుడు ఇద్దరూ ఒకేలా ఆడే జోడీ ఇరుక్కుంటుంది. చాలాకాలం కలిసి ఆడినవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. ఒకళ్లు కవర్ చేస్తారని ఇంకొకళ్లు బద్ధకం నేర్చుకుంటారు. నా దగ్గర ఒక అమ్మాయికి బ్యాక్‌హ్యాండ్ సైడ్ డిఫెన్స్ అస్సలు రాదని జోడీ మార్చాకే తెలిసింది, అప్పటిదాకా పార్ట్‌నర్ దాన్ని కాచుకుంటూ వచ్చింది.

కొత్తపిల్లతో ముందు మ్యాచ్‌లు ఆడించొద్దు. సర్వ్, అది తిరిగొచ్చాక మనం కొట్టే మూడో షాట్ మీద పని చేయించండి, చిన్నపిల్లలు ఓడేది ఎక్కువ అక్కడే. మధ్యలోకి వచ్చిన షటిల్ ఎవరిది అన్నది కూర్చుని మాట్లాడుకోవాలి, లేకపోతే ఇద్దరూ వదిలేస్తారు లేదా ఇద్దరి రాకెట్లూ కొట్టుకుంటాయి. మ్యాచ్ మధ్యలో తప్పు చేసినప్పుడు పెద్దపిల్ల మొహం ఎలా పెడుతుందో చిన్నపిల్ల దాన్నే చూస్తుంది. లీ సో హీ, బేక్ హా నా ఆట చూసేటప్పుడు పాయింట్ పోయాక లీ ఏం చేస్తుందో చూడమనండి. బేక్ దగ్గరికి వెళ్లి చెయ్యి తాకి, రెండు మాటలు చెప్పి వెనక్కి వస్తుంది. నేను మా పిల్లలకి స్మాష్ కంటే ముందు అదే చూపిస్తాను.

సింగిల్స్‌కి వెళ్లాలా అంటే, పాపకి సింగిల్స్ మీద ఇష్టం ఉండి వెళ్తే వెళ్లనివ్వండి. కోపం మీద మాత్రం వద్దు. సింగిల్స్ కాళ్ల పని వేరు, ఊపిరి వేరు, ఈ వయసులో మొదలుపెట్టి అప్పటికే అందులో ఉన్నవాళ్లని అందుకోవడానికి టైమ్ పడుతుంది.

పటమట అమ్మ:

అందరికీ చాలా థాంక్స్ అండి. పాప అన్నీ చదివింది, గిల్ యంగ్ ఆ గారి గురించి రెండుసార్లు చదివింది. అరండల్‌పేట చెల్లెమ్మ చెప్పినట్టు గుంటూరు పాప వాళ్లమ్మకి ఫోన్ చేశాను, వాళ్లూ ఇదే టెన్షన్‌లో ఉన్నారట, మేం ఏదో సార్‌కి చెప్పి మార్పించామేమో అనుకున్నారట. ఇప్పుడు ఆ అపోహ పోయింది. రేపు ఇద్దరు తల్లులం కలిసే వెళ్లి సార్‌ని అడుగుతాం. పాప ఒకటి అడగమంది: లీ సో హీ మ్యాచ్‌లలో ముందు ఏది చూడాలి?

నెట్ దగ్గర:

2024 ఆల్ ఇంగ్లండ్ ఫైనల్, రెండో గేము 11-21తో పోయింది కదా, అక్కడి నుంచి మూడో గేము చివరి దాకా. దాని తర్వాత 2023 ఆసియా క్రీడల్లో చైనాతో టీమ్ ఫైనల్. అందులో వీళ్లిద్దరూ చెన్, జియాలని ఓడించారు, కొరియా 3-0తో గెలిచి 1994 తర్వాత మళ్లీ ఆ స్వర్ణం తీసుకుంది. కొద్ది రోజులకే వ్యక్తిగత ఫైనల్లో అదే చైనా జోడీకి ఓడారు, అదీ చూడండి. కొత్త పార్ట్‌నర్‌ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూడమనండి.

అరండల్‌పేట మాజీ:

గుంటూరు పాపని కూడా పిలవండి అక్కా, ముగ్గురూ కలిసి చూస్తారు. సార్ ఏమన్నారో ఇక్కడ రాయండి.